సీసా వెనక 338 ఉందేమో చూడండి

కిడ్నీ జబ్బులో భాస్వరం తగ్గించమనగానే అందరి చూపూ పాలు, మాంసం మీదికే పోతుంది. సీసాలో వచ్చే పానీయాలను పట్టించుకోరు. మా నాన్నగారి కోసం ఏది కొన్నా నేను ముందు వెనకవైపు చిన్న అక్షరాలు చదువుతాను. నల్లటి కోలాల మీద ‘338’ అని, అందులో ఏం కలిపారో చెప్పే అంకె ఉంటుంది. అది ఫాస్ఫారిక్ ఆమ్లం, అంటే భాస్వరం ఉన్న ఆమ్లం. 339, 340, 341, 450, 451, 452 ఫాస్ఫేట్లు, వాటిలోనూ భాస్వరమే. పప్పుల్లోని భాస్వరం కొంతే ఒంటికి పడుతుంది, ఇలా విడిగా కలిపినది చాలావరకు రక్తంలోకి చేరిపోతుంది. పోషకాల పట్టికలో భాస్వరం ఎంతో తరచు రాయనే రాయరు, కాబట్టి ఈ అంకెలే మనకు ఆధారం. 330 కనిపిస్తే కంగారు వద్దు, అది నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), అందులో భాస్వరం లేదు. దాహానికి ఇంట్లో పిండిన పలుచటి నిమ్మరసం, ఉప్పు వేయకుండా, డాక్టరు చెప్పిన నీటి కొలతలోనే ఇవ్వండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, డాక్టరును అడగకుండా ఇవ్వకండి.