సైడ్ వీల్స్ బిగిస్తున్నంతసేపూ బండి పక్కనే కూర్చోండి

నా ఎడమ కాలికి పోలియో. మూడో ఏట వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్ దగ్గర బ్లౌజులు కుడతాను. లైనింగ్ గుడ్డకీ, ఫాల్స్‌కీ వారానికి రెండుసార్లయినా పూర్ణా మార్కెట్‌కి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ఆటోకి పెట్టే డబ్బు చూసి చూసి, హుద్‌హుద్ తుపాను వచ్చిన ఏడాది, 2014లో, సెకండ్ హ్యాండ్ యాక్టివా స్కూటర్ కొని సైడ్ వీల్స్, అంటే వెనక చక్రానికి అటూ ఇటూ ఆసరాగా ఉండే రెండు చక్రాలు, వేయించుకున్నాను.

వేయించిన నెలకే జ్ఞానాపురంలో ఇరుక్కుపోయాను. పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట రోడ్డు పొడవునా కుంగిపోయి ఉంది. వెనక చక్రం ఆ గోతిలోకి దిగింది. పక్క చక్రాలు రెండూ అటొకటి ఇటొకటి గట్ల మీద నిలబడ్డాయి. యాక్సిలరేటర్ తిప్పుతున్నాను, ఇంజను అరుస్తోంది, వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, బండి మాత్రం అంగుళం కదలడం లేదు. వెనక లారీ హారన్ కొడుతోంది. ఇద్దరు కుర్రాళ్లు పరుగున వచ్చి, నేను కూర్చుని ఉండగానే బండిని ఎత్తి పక్కన పెట్టారు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. రోడ్డు పాడైతే బండి ఆగడం మామూలేననుకున్నాను. కానీ అసలు లోపం బిగింపులోనే ఉందని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ తెలిసిందే మీకు చెప్తున్నాను.

బండిని ముందుకు తోసేది వెనక చక్రం ఒక్కటే. వెనక బ్రేకు పట్టేది కూడా ఆ చక్రాన్నే. మామూలు సైడ్ వీల్స్ కిట్లలో పక్క చక్రాలకు బ్రేకు ఉండదు, ఇంజను నుంచి వచ్చే లాగుడూ ఉండదు. కాబట్టి వెనక బరువులో ఎక్కువ భాగం మధ్య చక్రం మీదే ఉండాలి. బండి ఒరగబోయినప్పుడు ఆపడం వరకే పక్క చక్రాల పని. వాటి మీద బరువు ఎక్కువైతే గుంతలో ఇరుక్కుంటారు, వానలో వెనక చక్రం జారుతుంది, బ్రేకు వేసినా బండి సరిగా ఆగదు. మరీ తక్కువైతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి పడవలా ఊగుతుంది. బిగించేటప్పుడు చూసుకోవాల్సినవన్నీ ఈ లెక్కలోంచే వస్తాయి.

ఏ బండికి అని చాలామంది అడుగుతారు. గేర్లు లేని స్కూటర్‌కి రెండు బ్రేకులూ చేతిలోనే ఉంటాయి కాబట్టి నాలాంటి వాళ్లకు అదే హాయి. మోటార్‌సైకిల్‌కి కూడా బిగిస్తారు. అయితే దానికి గేరు ఎడమ కాలితో, వెనక బ్రేకు కుడి కాలితో వేయాలి. మీకు ఏ కాలు బలహీనమో చూసుకుని, ఆ కాలి పని చేతికి వచ్చేలా ముందే మార్పించుకోండి. ఇంకొకటి, మోటార్‌సైకిల్ కిట్టును వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టు బోల్టుల మీదే వేలాడదీస్తుంటారు. అవి ఒక మనిషి కాళ్లు మోయడానికి పెట్టినవి. కనీసం ఇంకో రెండు చోట్లయినా ఛాసిస్‌ని, అంటే బండి చట్రాన్ని, పట్టుకునేలా చూడండి. చైను బిగించడానికీ, వెనక ఇరుసు బయటికి లాగడానికీ ఫ్రేము అడ్డం రాకూడదు. లేకపోతే పంక్చర్ పడిన ప్రతిసారీ కిట్టంతా ఊడదీయాలి.

స్కూటర్‌లో అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. యాక్టివాలాంటి బండ్లలో ఇంజనూ వెనక చక్రమూ కలిసి ఒకే ముక్క. చక్రం గుంతలో పడితే ఇంజను కూడా దానితోపాటు పైకీ కిందికీ ఊగుతుంది. కిట్టు ఫ్రేము ఛాసిస్‌కి బిగించాలి. ఇంజను కేసింగ్‌కి, అంటే దాని పై తొడుగుకి, ఒక్క బోల్టు కూడా వేయకూడదు. నా మొదటి కిట్టు బిగించినాయన బలం చాలదని ఒక సపోర్టు పట్టీని ఇంజను బోల్టుకి కట్టాడు. ఊగే ముక్కనీ, ఊగని ముక్కనీ కలిపి కట్టేస్తే ఏదో ఒకటి విరగాల్సిందే. ఎనిమిది నెలలకు కేసింగ్ చిట్లి ఆయిల్ కారడం మొదలైంది. గుమ్మం ముందు నల్లటి మరక చూసి గానీ నాకు తెలియలేదు. కేసింగ్ అల్యూమినియంతో పోసినది, దాన్ని మార్చడానికి అయిన ఖర్చు కిట్టు ఖరీదుకి దగ్గరగా వచ్చింది.

అందుకే 2019లో రెండో కిట్టు వేయించినప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. కిట్టూ బిగింపూ కలిపి 17 వేలైంది. మెకానిక్ పెద్దాయన, బాబాయ్ అని పిలిచేదాన్ని. మొదట్లోనే "ఏటమ్మా, బోల్టులెందుకు, ఎల్డింగ్ కొట్టేత్తాను, జన్మలో ఊడదు" అన్నాడు. ఊడకపోవడమే నాకు భయం అన్నాను. వెల్డింగ్ వేడికి ఛాసిస్ గొట్టం అతుకు పక్కన బలహీనపడుతుంది, పెయింటు కాలిపోయి ఆ చోటే తుప్పు పడుతుంది. మన ఊళ్లో సముద్రపు గాలికి తుప్పు ఎంత త్వరగా పడుతుందో నేను చెప్పక్కర్లేదు. పైగా రేపు బండి మార్చినా, కిట్టు మార్చినా ఊడదీయగలగాలి. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉన్నవే వేయించండి, అది బోల్టు బలాన్ని చెప్పే గుర్తు. నట్లు నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లే కావాలి. ఒకసారి ఊడదీసిన లాక్ నట్టును మళ్లీ వాడనివ్వకండి. 10 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకి దాదాపు 45 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. షెడ్డులో బిగువు ఎంతో చూపే టార్క్ పానా ఉంటే దానితోనే బిగించమనండి.

ఇక కొలతలు. నా టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది కాబట్టి ఈ పని నేనే చేశాను. ముందు మీ ఇంటి గేటు వెడల్పు కొలవండి. మా గేటు 42 అంగుళాలు. పక్క చక్రాల అంచు నుంచి అంచుకి 37 అంగుళాలు ఉండేలా పెట్టించుకున్నాను. వెడల్పు పెరిగినకొద్దీ బండి నిలకడగా ఉంటుంది, కానీ సందుల్లో తిరగలేరు.

తర్వాత, పక్క చక్రాల ఇరుసులు వెనక చక్రం ఇరుసుకి సూటిగా ఒకే గీత మీద ఉండాలి. అవి ముందుకో వెనక్కో జరిగితే మలుపులో టైరు పక్కకు ఈడ్చుకుపోయి త్వరగా అరిగిపోతుంది. చక్రాలు మూడూ ఒకే దిశలో చూడాలి. దీనికి దారం చాలు. వెనక టైరుని ఆనుకుని, ఇరుసు ఎత్తులో, ముందు నుంచి వెనక దాకా నూలు దారం బిగువుగా పట్టుకోమని ఇద్దరికి చెప్పండి. ఆ దారం నుంచి పక్క చక్రం రిమ్ము ముందంచుకి ఎంత, వెనకంచుకి ఎంత అని కొలవండి. తేడా 2 మిల్లీమీటర్లు దాటకూడదు. నా బండికి ఎడమ చక్రం 9 మిల్లీమీటర్లు బయటికి చూస్తోంది. అలాగే వదిలేసి ఉంటే బండి ఎప్పుడూ ఎడమకే లాగేది. బాబాయ్ బ్రాకెట్టు వెనక వాషర్లు వేసి సరిచేశాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది బరువు కొలవడం. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను ఒకటి పట్టుకెళ్లండి. దాన్ని ఒక పక్క చక్రం కింద పెట్టి, మిగతా మూడు చక్రాల కిందా అంతే మందం ఉన్న చెక్కలు పెట్టించండి. నేల మట్టంగా ఉండాలి. ఇద్దరు మనుషులు పట్టుకుని ఉండగా మీరు బండెక్కి, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి. తర్వాత మిషను రెండో పక్కకి మార్చండి. మొదట నా బండికి ఎడమ 38, కుడి 47 కిలోలు వచ్చింది. బండి, కిట్టు, నేను కలిపి 200 కిలోల పైనే ఉంటాం. అందులో పక్క చక్రాలే 85 మోస్తుంటే మధ్య చక్రానికి ఇంకేం మిగులుతుంది? పక్క చక్రాల స్ప్రింగు ఎత్తు తగ్గిస్తూ, మళ్లీ మళ్లీ ఎక్కి దిగుతూ, చివరికి ఎడమ 24, కుడి 26 దగ్గర ఆపాం. అక్కడ బండి ఊగలేదు, వెనక టైరు నేలను గట్టిగా పట్టుకుంది.

ఎడమకీ కుడికీ అంత తేడా ఎందుకొచ్చిందో చూడండి. నా ఎడమ కాల్లో బలం లేదు కాబట్టి కుడి తుంటి మీద ఒరిగి కూర్చుంటాను. ఖాళీ బండికి సరిచేసి ఉంటే నేనెక్కగానే అది కుడికి ఒరిగేది. ఎవరి ఒళ్లు వాళ్లది. అందుకే మీ బదులు ఇంకెవరినో కూర్చోబెట్టి సరిచేయించకండి. చేతికర్ర పెట్టుకునే క్లాంపు కూడా అప్పుడే, ఆ బరువుతో సహా బిగించుకోండి.

కాగితాల సంగతి వాయిదా వేయకండి. మోటారు వాహనాల చట్టం 1988లో ఇలా మార్చిన బండ్లని ఇన్‌వాలిడ్ క్యారేజ్ అనేవారు. 2019 సవరణతో అడాప్టెడ్ వెహికల్ అని మార్చారు, ఆ మాట వినడానికే బాగుంటుంది. మార్పు చేసిన సంగతి ఆర్సీలో ఎక్కాలి, లైసెన్సు కూడా ఆ తరగతిదే ఉండాలి. మనకి మాధవధార రవాణా కార్యాలయంలో పని. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, కిట్టు బిల్లు, బండి ఫోటోలు దగ్గర పెట్టుకోండి. ఆర్సీలో ఎక్కాక బీమా వాళ్లని ఐఎంటీ 12 గురించి అడగండి. వికలాంగుల కోసం మార్చిన బండ్లకు సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గించే నిబంధన అది. అడగనిదే ఎవరూ చెప్పరు.

నడపడం నేర్చుకోవడానికి ఖాళీ మైదానం వెతుక్కోండి. నేను ఏయూ ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో నేర్చుకున్నాను. ద్విచక్ర వాహనం బాగా వచ్చినవాళ్లకే ఇది కష్టం. మా తమ్ముడు పదేళ్లుగా మోటార్‌సైకిల్ నడుపుతున్నాడు, "ముందు నేను చూస్తానక్కా" అని ఎక్కాడు. మొదటి మలుపులోనే బండి తిరక్కుండా నేరుగా గోడ వైపు వెళ్లింది. వాడు ఒంటిని వంచి బండిని కూడా వంచబోయాడు, అది వంగలేదు. సైడ్ వీల్స్ ఉన్న బండిని కారులాగా హ్యాండిల్ తిప్పి మళ్లించాలి. మలుపులో బండి బయటి వైపుకి ఒరుగుతుంది, కాబట్టి మీ ఒళ్లు లోపలి వైపుకి జరగాలి. మలుపుకి ముందే వేగం గంటకు 15 కిలోమీటర్లకి తగ్గించండి, మలుపు మధ్యలో బ్రేకు వేయకండి. స్పీడ్ బ్రేకర్‌ని నిటారుగా ఎక్కండి, ఏటవాలుగా ఎక్కితే ఒక పక్క చక్రం ముందు లేచి బండి మొత్తం ఒరుగుతుంది. గుంత తప్పించేటప్పుడు మీకు ఇప్పుడు మూడు గీతలున్నాయని గుర్తుంచుకోండి.

కంచరపాలెం మెట్టు లాంటి పల్లంలో రెండు బ్రేకులూ కలిపి పట్టాలి. బరువు పెరిగింది కాబట్టి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ముందు బండికి ఇదివరకటి కంటే రెట్టింపు ఎడం ఇవ్వండి. పల్లంలో నిలిపేటప్పుడు బ్రేకు లాక్ ఒక్కదాన్నే నమ్మకండి. నా సీటు కింద చెక్క ముక్క ఒకటి ఉంటుంది, దిగగానే దాన్ని వెనక చక్రానికి అడ్డం పెడతాను. రివర్స్ లేని కిట్టయితే, బయటికి వచ్చే దారి ముందుకే ఉండేలా నిలపడం అలవాటు చేసుకోండి.

మొదటి 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి అన్ని బోల్టులూ చూపించండి. గీతలు పడిన చోటల్లా రెడ్ ఆక్సైడ్ పూసి పైన పెయింటు వేయించండి. బీచ్ రోడ్డు వైపు ఎక్కువ తిరిగేవాళ్లు మంచి నీళ్లతో కడిగి తుడవాలి. పక్క చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, టకటకమంటే బేరింగ్ వదులైనట్టు.

నేను ప్రతి నట్టు మీద నుంచి బ్రాకెట్టు మీదకి నెయిల్ పాలిష్‌తో ఒక ఎర్ర గీత గీశాను. నట్టు కొంచెం కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. ఆదివారం పొద్దున్న కుట్టు మిషను మీద కూర్చునే ముందు, టార్చి పట్టుకుని పద్నాలుగు గీతలూ చూస్తాను. పోయిన వారం ఎడమ పక్క కింది నట్టు గీత బియ్యపు గింజంత జరిగింది. పానా తీసి బిగించి, పాత గీత చెరిపి కొత్తది గీశాను.