కోనసీమలో కొత్త కాపురం: వంటింటి చిక్కులు, విరుగుళ్ళు

కరీంనగర్ నుంచి అమలాపురం వచ్చి తొమ్మిదేళ్ళయింది. బదిలీ మీదో, పెళ్ళయ్యో తెలంగాణ నుంచి ఇటు వచ్చేవాళ్ళు నన్ను అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. అందరం తెలుగువాళ్ళమే కదా, ఇబ్బందేముంటుందని వస్తాం. మొదటి ఇబ్బంది మాటతోనే వస్తుంది, రెండోది తడితో. ఇక్కడ గాలిలో, గోడలో, ఉప్పులో, బియ్యంలో అంతటా తడే. ఏ చిక్కొచ్చినా ముందు ఈ రెండింటినీ అనుమానించండి.

దుంప తింటే గొంతు దురద

వచ్చిన ఏడాది శివరాత్రి ఉపవాసానికి బజారుకెళ్ళి కిలో కందగడ్డ ఇమ్మన్నాను. కొట్టతను మట్టిరంగు పెద్ద దుంపలోంచి ఒక చెక్క కోసి తూచాడు. ఇక్కడ ఇంతింత కాస్తాయేమో అనుకుని ఉత్తనీళ్ళలో ఉడికించి, తొక్క తీసి, ముక్క నోట్లో పెట్టుకున్నాను. కాసేపటికే నాలుక మొద్దుబారింది, గొంతులో సన్నటి ముళ్ళు దిగినట్టయింది. ఏడుస్తూ గోడ దగ్గరికి వెళ్తే పక్కింటి పిన్నిగారు తొక్క చూసి, "అయ్యో, ఇది చిలగడదుంప కాదమ్మా, కంద! ముందు చింతపండు చప్పరించు" అని తనే తెచ్చి ఇచ్చారు.

కారణం: మా వైపు కందగడ్డంటే చిలగడదుంప. ఇక్కడ కందంటే కందే. దానిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. అవి గుచ్చుకోవడమే ఆ దురద.

ఏం చేయాలి: చేతులు తడి లేకుండా తుడుచుకుని, నూనె రాసుకుని తరగండి. చింతపండు పులుసు పోసి మెత్తగా ఉడికించండి. పులుపు పడితే దురద తగ్గుతుంది. పెదవులు వాచినా, ఊపిరాడకపోయినా చిట్కాలు మాని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంత జరిగిందని కందను వదిలేయకండి. బచ్చలాకుతో కలిపి వండే కంద బచ్చలి కూర ఈ సీమ పెళ్ళిభోజనానికే అందం. ఇప్పుడు మా ఇంట్లో నెలకు రెండుసార్లు ఉండాల్సిందే.

బజారు మాటలు ఇంకొన్ని: ఉల్లిగడ్డ ఇక్కడ ఉల్లిపాయ, ఆలుగడ్డ బంగాళాదుంప, పల్లీలు వేరుశనగ గుళ్ళు. "ఆయ్" అంటే అవునని.

అన్నం ముద్దయిపోతోంది

కుక్కరునో పొయ్యినో తిట్టుకోకండి. బియ్యం ఎప్పటివో అడగండి. సార్వా (మన వానాకాలం) పంట కోతలయ్యాక సంక్రాంతి వేళకి కొత్త బియ్యం దిగుతాయి, దాళ్వావి (మన యాసంగివి) వేసవిలో. కొత్త బియ్యం తక్కువ నీళ్ళకే ఉడికి అంటుకుపోతాయి. పైగా ఇక్కడ చాలా ఇళ్ళలో వండేది స్వర్ణ. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029 రకం అదే. మనకు అలవాటైన సాంబ మసూరికి పోసే కొలత దీనికి పోస్తే కుదరదు.

కొట్లో "పాత బియ్యం, ఆరు నెలలు దాటినవి" అని స్పష్టంగా అడగండి. కొత్తవే ఉంటే గ్లాసుకు రెండున్నర పోసే చేతిని రెండుకు తగ్గించండి. లేదా ఎక్కువ నీళ్ళలో ఉడికించి గంజి వార్చేయండి. నా మటుకు నాకు వార్చిన అన్నమే ఇష్టం.

ఉప్పు కారుతోంది, ఆవకాయ మీద బూజు

స్టీలు డబ్బాలో ఉప్పు పోసి వానాకాలంలో మూత తీస్తే అడుగున నీళ్ళుంటాయి. ఉప్పు గాలిలో తడిని పీల్చుకుంటుంది, అంతే. పింగాణీ జాడీలోకి మార్చి, వేయించిన బియ్యం గుప్పెడు చిన్న గుడ్డలో మూటకట్టి పడేయండి. ఆవకాయ విషయంలో తప్పు రెండుచోట్ల జరుగుతుంది: తడి గరిటె పెట్టడం, పైన నూనె తేలకపోవడం. ముక్క మీద వేలెడు నూనె నిలవాలి. పెద్ద జాడీని కదపకుండా వారానికి సరిపడా చిన్నదాంట్లోకి తీసుకోండి. బీరువాలో బట్టలు ముక్కవాసన కొడితే గిన్నెలో పొడిసున్నం పెట్టండి, పిల్లలకు అందకుండా.

కొళాయి నీళ్ళు రంగు మారాయి

నెల చూడండి. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర నుంచి కాలువల్లోకి ఎర్రనీరే దిగుతుంది. పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పి, తేరాక పైనీళ్ళు వంచి కాచుకోండి. వేసవిలో పచ్చగా, నాచువాసనతో వస్తే కాలువలు కట్టేశారని అర్థం. దాళ్వా అయ్యాక మరమ్మతులకు నీళ్ళు ఆపుతారు, అప్పుడు చెరువుల్లో నింపి ఉంచినవే కొళాయిలకు వస్తాయి. కట్టే తేదీ ముందే తెలుసుకుని డ్రమ్ములు కడిగి పెట్టుకోండి.

వేలు పోసి కొన్న పులస రుచిగా లేదు

ఇందులో కారణాలు మూడు ఉండొచ్చు. ఒకటి, అది పులసే కాకపోవచ్చు. సముద్రంలో ఉన్నంతసేపు ఆ చేప ఇలస. వరదల వేళ గోదావరిలోకి ఎదురీది వచ్చాకే పులస అవుతుంది. ఎక్కడో పట్టి ఐసులో పెట్టి తెచ్చిన ఇలసను ఆ పేరుతో అమ్మేవాళ్ళుంటారు. ఎర్రనీరు రాకముందు పులసంటే నమ్మకండి. పడవలు ఒడ్డుకొచ్చే చోట, చేప తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో చూసి కొనండి.

రెండు, పెద్ద మంట. మట్టిదాకలో చింతపండు పులుసు, బెండకాయలు వేసి సన్నసెగ మీద గంటలు ఉంచాలి. గరిటె పెడితే ముక్క విరుగుతుంది, దాకనే పట్టుకుని తిప్పాలి.

మూడు, వండిన పూటే తినేయడం. పులుసు రాత్రంతా ముక్కలోకి దిగాలి. మర్నాడు తినండి.

మొదటి ఏడాది మాత్రం పులస జోలికి పోవద్దనే చెబుతాను. ఆ చేపకు ముళ్ళెక్కువ, ఖరీదూ ఎక్కువ. చందువా వేపుడుతో, బొమ్మిడాయిల పులుసుతో చెయ్యి తిరగనివ్వండి.

పనసపొట్టు కూర చేదెక్కింది

ఆవముద్ద పొయ్యి మీద ఉండగా కలిపి ఉంటారు. వేడికి ఆవ ఘాటు పోయి చేదు మిగులుతుంది. కూర దించి, గోరువెచ్చగా అయ్యాక కలపండి. ఆవాలు నూరేటప్పుడే చిటికెడు ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు వేసుకోండి. పొట్టంటే పచ్చి పనసకాయను కత్తితో సన్నగా కొట్టినది. బజారులో కొట్టించి తెచ్చుకోవచ్చు, కానీ మీ ఎదురుగా కొట్టించండి. నల్లబడ్డది వద్దు.