గిట్ క్లోన్‌కు ‘పర్మిషన్ డినైడ్’: ఆపింది మీ మెషీనా, అవతలి సర్వరా?

సర్వర్‌లోని రిపోను (కోడు ప్రాజెక్టును) మీ మెషీన్‌లోకి దించే గిట్ క్లోన్ కొట్టగానే ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ’ అని వస్తే అందరి చూపూ ఆ లైను మీదే ఆగిపోతుంది. వేర్వేరు నాలుగైదు రోగాలకు అదే లైను వస్తుంది కాబట్టి దాన్ని ఎన్నిసార్లు చదివినా లాభం లేదు. ఇక్కడ కీ అంటే మీరెవరో సర్వర్‌కు చూపే జత ఫైళ్లు: ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉంటుంది, పబ్లిక్ కీ సర్వర్‌కు ఇస్తారు. తెరను కొంచెం పైకి జరపండి. ‘అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్’ అని @ గుర్తుల వరసల నడుమ పెద్దక్షరాల్లో హెచ్చరిక ఉందా? ఉంటే ఆపింది మీ సొంత మెషీనే, ఆ కీని అది వాడనే లేదు. లేకుంటే అవతలి సర్వర్ మీ కీని గుర్తుపట్టలేదు, లేదా చూపించడానికి మీ దగ్గర కీయే దొరకలేదు. ఫైలు హక్కులు మార్చే సీహెచ్‌మోడ్ మందు మొదటిదానికే పనిచేస్తుంది.

కింది కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి, పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్పి ఉంటుంది.

మెషీనే ఆపితే

ప్రైవేట్ కీని మీరు తప్ప ఇంకెవరైనా చదవగలిగే తీరుగా ఉంటే గిట్‌ను సర్వర్‌తో కలిపే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాం దాన్ని పక్కన పడేస్తుంది. తాళంచెవిని గల్మ మీద పెట్టి ఊరికి పోయిన ఇల్లు లెక్క. ముందు ఉన్న స్థితి చూడండి:

ఎల్ఎస్ -ఎల్ఏ ~/.ఎస్ఎస్‌హెచ్

కీ ఫైలుకు ఎదురుగా ‘-ఆర్‌డబ్ల్యూ-ఆర్--ఆర్--’ ఉంటే అది 644. మొదటి అంకె మీకు, రెండోది గ్రూపుకు, మూడోది మిగతా అందరికీ. చదవడం 4, రాయడం 2, ఎగ్జిక్యూట్ 1, వీటి మొత్తమే ఆ అంకె. ప్రైవేట్ కీకి చివరి రెండు అంకెలూ సున్నాలే ఉండాలి, అంటే 600 లేదా 400.

సీహెచ్‌మోడ్ 700 ~/.ఎస్ఎస్‌హెచ్
సీహెచ్‌మోడ్ 600 ~/.ఎస్ఎస్‌హెచ్/ఐడీ_ఈడీ25519
సీహెచ్‌మోడ్ 600 ~/.ఎస్ఎస్‌హెచ్/కాన్ఫిగ్

డాట్ పబ్ ఫైలు (పబ్లిక్ కీ) 644 ఉన్నా నష్టం లేదు, అది నలుగురికీ చూపించేదే. కాన్ఫిగ్ ఫైలులో (ఎస్ఎస్‌హెచ్ సెట్టింగులు ఉండేది) ఇతరులు రాయగలిగేలా ఉంటే ‘బ్యాడ్ ఓనర్ ఆర్ పర్మిషన్స్’ అని వేరే తిట్టు వస్తుంది. మూడో కమాండు దానికోసం, ఆ ఫైలే లేకుంటే వదిలేయండి.

పర్మిషన్ లేదంది కదా అని 777 ఇచ్చేవాళ్లున్నారు. ఇక్కడ గొడవంతా ఎక్కువ తెరిచినందుకే, దాన్ని ఇంకా తెరిస్తే ఏమొస్తుంది? ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి 600 ఇవ్వడమూ తప్పే. ఫోల్డర్‌కు ఎగ్జిక్యూట్ బిట్ పోతే లోపలికి అడుగుపెట్టలేరు. అందుకే దానికి 700.

సూడో (రూట్, అంటే అడ్మిన్ హక్కులతో నడిపే కమాండు) పెట్టి క్లోన్ చేస్తే ఇంకో చిక్కు. అప్పుడు వెతికేది మీ హోమ్‌లో కాదు, రూట్ హోమ్‌లోని ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో. అక్కడ మీ కీ ఉండదు. సూడోతోనే కీ తయారుచేసి మీ ఫోల్డర్‌లో పెట్టుంటే ఆ ఫైలుకు యజమాని రూట్ అవుతాడు, 600 ఉన్నా మీరు చదవలేరు. ఎల్ఎస్ చూపించే మూడో గడిలో ‘రూట్’ అని కనబడితే ‘సూడో సీహెచ్‌ఓన్’ తరువాత మీ యూజర్‌నేమ్, ఆ పైన ఫైలు పేరు ఇచ్చి మీ పేరు మీదికి మార్చుకోండి. ఆ తరువాత క్లోన్‌కు సూడో వాడకండి.

సీహెచ్‌మోడ్ కొట్టినా అంకె మారకపోతే

ఎర్రర్ ఏమీ రాదు, కానీ ఎల్ఎస్ చూస్తే అదే పాత స్థితి. కారణం డిస్కు. హనుమకొండలో ల్యాబులో చేసిన కీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కాజీపేట రూముకు తెచ్చుకున్నారనుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయితే అందులో యూనిక్స్ పర్మిషన్లు దాచే చోటే ఉండదు. విండోస్ లోపలి లినక్స్‌లోనూ ఇదే కథ: సీ డ్రైవులోని ఫైళ్లు మామూలుగా 777గానే కనిపిస్తాయి. కీని లినక్స్ హోమ్‌లోకి కాపీ చేసి, అక్కడ 600 ఇవ్వండి.

నిజానికి ప్రైవేట్ కీని మోసుకు తిరగడమే తప్పు. మెషీనుకో కీ చేసుకోవచ్చు, నిమిషం పని:

ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519

ల్యాబులో అందరికీ ఒకే లాగిన్ ఉంటే మాత్రం 600 కూడా కాపాడదు. మీ తరువాత కూర్చునే బ్యాచ్ కూడా అదే యూజర్ కాబట్టి. అక్కడ పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) తప్పనిసరి, పని అయ్యాక కీని మెషీన్లోనూ గిట్‌హబ్‌లోనూ తీసేయాలి.

విండోస్ పవర్‌షెల్‌లో ఇదే హెచ్చరిక వస్తే సీహెచ్‌మోడ్ పనికిరాదు. కీ ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. ‘డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్’ నొక్కి, ఉన్న హక్కులను అలాగే మార్చుకునే ఎంపిక తీసుకోండి. తరువాత యూజర్స్, ఎవ్రీవన్, ఆథెంటికేటెడ్ యూజర్స్ లాంటివి ఒక్కొక్కటే తీసేయండి. మీ పేరు తప్పక మిగలాలి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ ఉన్నా పరవాలేదు.

సర్వర్ గుర్తుపట్టకపోతే

క్లోన్‌ను పక్కనబెట్టి ఇది కొట్టండి (టీ పెద్దక్షరం):

ఎస్ఎస్‌హెచ్ -టీ గిట్@గిట్‌హబ్.కామ్

‘హాయ్’ అని మీ ఖాతా పేరు వస్తే కీ బాగానే ఉంది. ‘షెల్ యాక్సెస్ ఇవ్వము’ అన్న తోకను చూసి కంగారు పడొద్దు, అది మామూలే. ఆ పేరు ఎవరిదో మాత్రం చూసుకోండి. మడికొండలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఆఫీసు ఖాతా, కాలేజీ నాటి సొంత ఖాతా రెండూ ఉంటాయి, హాయ్ చెప్పింది రెండోదానికైతే ఆఫీసు కోడు ‘రిపాజిటరీ నాట్ ఫౌండ్’ అంటుంది. ప్రైవేట్ రిపో ఉన్న సంగతే హక్కు లేనివాళ్లకు గిట్‌హబ్ చెప్పదు. ఇంకోటి, @ ముందు ఎప్పుడూ ‘గిట్’ అనే ఉండాలి, మీ పేరు పెడితే డినైడే.

హాయ్ రాకపోతే అదే కమాండుకు చిన్న వీ చేర్చి మళ్లీ కొట్టండి. ‘ఆఫరింగ్ పబ్లిక్ కీ’ అన్న లైన్లలో మీ కీ ఫైలు పేరుందా వెతకండి. కీకి సొంత పేరు పెట్టుకుంటే ఎస్ఎస్‌హెచ్ తనంతట తాను దాన్ని చూడదు. కాన్ఫిగ్‌లో చెప్పాలి:

హోస్ట్ గిట్‌హబ్.కామ్
యూజర్ గిట్
ఐడెంటిటీఫైల్ ~/.ఎస్ఎస్‌హెచ్/ఆఫీసు_కీ
ఐడెంటిటీస్‌ఓన్లీ యెస్

ఆఖరి లైను లేకుంటే ఏజెంట్‌లో (కీలను గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం) ఉన్న కీలన్నీ వరసగా పోయి, సరైనది రాకముందే సర్వర్ విసుక్కుని తలుపు మూయవచ్చు.

కీ చూపించినా సర్వర్ ఒప్పుకోకపోతే గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో మీరు అతికించిన పబ్లిక్ కీ వేరేది అయి ఉంటుంది. ‘ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్‌ఎఫ్’ తరువాత డాట్ పబ్ ఫైలు పేరు ఇస్తే ఎస్‌హెచ్‌ఏ256తో మొదలయ్యే వేలిముద్ర వస్తుంది. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో కీ కింద కనబడేదానితో అక్షరం అక్షరం కలవాలి.

‘ఇన్‌వ్యాలిడ్ ఫార్మాట్’ అనో ‘లిబ్‌క్రిప్టో’ అనో వస్తే కీ ఫైలే చెడింది. నోట్‌ప్యాడ్‌లో అతికించినప్పుడు చివరి ఖాళీ లైను పోయి ఉంటుంది, లేదా లైను ముగింపులు విండోస్ తీరుకు మారి ఉంటాయి. వాట్సాప్‌లో పంపుకున్న కీ అయితే బాగుచేసే పని పెట్టుకోకండి. తీసేసి కొత్తది చేయండి.

డిపార్ట్‌మెంట్‌లో సొంతంగా నడిపే గిట్ సర్వరైతే లోపం అటువైపు ఉండొచ్చు. అక్కడ గిట్ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో గ్రూపు రాయగలిగేలా ఉంటే సర్వర్ ఆథరైజ్డ్ కీస్ ఫైలును నమ్మదు. మీకు ఉత్త డినైడ్ కనబడుతుంది, అసలు మాట సర్వర్ లాగులో ఉంటుంది. ఉబుంటులో అది ఆథ్.లాగ్. హోమ్ 755 దాటొద్దు, ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ 700, ఆథరైజ్డ్ కీస్ 600.

డినైడ్ కాకుండా ‘టైమ్డ్ అవుట్’ వస్తే కీ జోలికి పోకండి, వైఫైలో 22వ పోర్టు మూసి ఉంటుంది. కాన్ఫిగ్‌లో అదే హోస్ట్ కింద ‘హోస్ట్‌నేమ్ ఎస్ఎస్‌హెచ్.గిట్‌హబ్.కామ్’, ‘పోర్ట్ 443’ అని రెండు లైన్లు చేర్చి చూడండి.