పాత యుద్ధకాలపు సినిమా చూడటం ఎలా? 3వ పాఠం: చెవులతో చూడటం

పోయిన పాఠంలో టోపీ దగ్గర ఆగాం. రెండో ప్రపంచయుద్ధంలో ఒక ఇంగ్లండ్ కుటుంబం కథ 'మిసెస్ మినివర్' (1942). మొదట్లో ఆ ఇల్లాలు మిసెస్ మినివర్ మొగుడికి చెప్పకుండా ఖరీదైన టోపీ కొనుక్కుంటుంది, ఆయనేమో ఆవిడకి చెప్పకుండా కారు బేరమాడతాడు. సత్యనారాయణపురంలో మా మేనకోడలు మొదటిసారి చూస్తూ, "యుద్ధం ఎప్పుడు మావయ్యా?" అని ఫోన్ చేతికి తీసుకుంది. మీరూ తీసుంటారు, పర్లేదు. ఆ టోపీ గుర్తుంచుకుంటే చాలు.

ఈసారి ఒక్క సన్నివేశమే. తోటలో పాతిన రేకుల షెల్టర్‌లో మొగుడూ పెళ్ళాం, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు. ఆవిడ ఊలు అల్లుతుంటుంది. 'ఎలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' అనే పిల్లల కథల పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. పైన బాంబులు. దర్శకుడు విలియం వైలర్ మనల్ని లోపలే కూర్చోబెడతాడు, విమానాలు చూపించడు. తీసింది లండన్‌లో కాదు, హాలీవుడ్ స్టూడియోలో. అయినా భయం వేస్తుందంటే, అది చప్పుడు చేసిన పని.

అభ్యాసం: ముందు ఫ్యాన్ ఆపండి. మే నెల బెజవాడలో అడగకూడని కోరికే, నాకు తెలుసు. ఇయర్‌ఫోన్లుంటే ఫ్యాన్ ఉంచుకోండి. రైలుకట్ట పక్క ఇల్లయితే గూడ్సు బండి పోయేదాకా ఆగండి.

మొదటిసారి తెర మీద తువ్వాలు కప్పి వినండి. మాటలు మామూలువి, వెనక మోత దగ్గరవుతుంటుంది. వాళ్ళు బాంబుల మాట ఎత్తకుండా ఎంతసేపు నెట్టుకొస్తారో చూడండి. రెండోసారి శబ్దం తీసేసి, ఆవిడ చేతులు మాత్రమే చూడండి. మొహం తర్వాత చూడొచ్చు. ఆవిడగా నటించిన గ్రీర్ గార్సన్ మొహానికి ఆస్కార్ ఎలాగూ వచ్చింది!

ఇది మనకి దూరపు కథ అనుకునేవాళ్ళకి ఒక మాట. అదే 1942లో, ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా వాళ్ళ అమ్మలు చెప్పిన మాటలు గుర్తుంటే, ఏం చూశారని కాదు, ఏం విన్నారని అడగండి.

ఇంటిపని: మూడోసారి మామూలుగా చూసి, ఆవిడ అల్లిక ఏ చప్పుడుకి ఆగిందో కాగితం మీద రాసిపెట్టుకోండి. నాలుగో పాఠానికి ఆ కాగితం కావాలి.