బడి కంప్యూటర్ ల్యాబ్‌కు స్క్విడ్ ప్రాక్సీ: ఏవి తెరుచుకోవాలో రాసుకుంటే చాలు

ల్యాబ్‌కు ఇంటర్నెట్ రాగానే తోటి ఉపాధ్యాయులు అడిగే మొదటి ప్రశ్న, ఏయే సైట్లు మూసేయాలి అని. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతూ ల్యాబ్ బాధ్యత కూడా చూస్తున్నాను. ఏవి తెరవాలో ముందు రాసుకోమని అందరికీ చెబుతాను. మూయాల్సిన వాటికి అంతు లేదు, ఈరోజు ఒకటి మూస్తే రేపు ఇంకో పేరుతో వస్తుంది. పిల్లలకు నిజంగా పనికొచ్చేవి ఒక కాగితం మీద పడతాయి: తెలుగు వికీపీడియా, దీక్ష (ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక), ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలు, స్క్రాచ్ (పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే సైటు). ఆ కాగితాన్ని అమలు చేసే పని స్క్విడ్‌ది. ఇది ప్రాక్సీ, అంటే పిల్లల బ్రౌజర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడి, అనుమతి ఉన్న సైట్లను మాత్రమే తెచ్చిపెట్టే, 1996 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్.

కావలసినది ఉబుంటు (ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పాత డెస్క్‌టాప్ ఒకటి, దానికి అదనంగా ఇంకో లాన్ కార్డు. ఈ రెండో కార్డు విషయంలో పొదుపు చేయకండి. ఒక కార్డు రూటర్‌కు, రెండోది ల్యాబ్ స్విచ్‌కు కలపాలి. అప్పుడు పిల్లల కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య దారి ఈ యంత్రం ఒక్కటే. ఉబుంటు తనంతట తాను ఒక కార్డులోంచి రెండో కార్డులోకి ట్రాఫిక్‌ను పంపదు, ఆ సౌకర్యం మామూలుగా ఆపేసే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. బ్రౌజర్‌లో ప్రాక్సీ తీసేసిన పిల్లవాడికి ఏ సైటూ రాదు, అడ్డదారి అంటూ ఉండదు.

ల్యాబ్ వైపు కార్డుకు 192.168.50.1 చిరునామా ఇవ్వండి. మిగతా కంప్యూటర్లకు 192.168.50.11 నుంచి వరుసగా ఇస్తూ పోండి, ఆ మొదటిది టీచర్ కంప్యూటర్‌కు. రూటర్ వైపు చిరునామాలు కూడా ఇదే వరుసలో ఉండకుండా చూసుకోవాలి. పిల్లల కంప్యూటర్లలో గేట్‌వే, డీఎన్ఎస్ గడులు ఖాళీగా వదిలేయవచ్చు, ఎందుకంటే సైటు పేరును వెతికే పని కూడా స్క్విడ్ చూసుకుంటుంది. పిల్లల ఖాతాలకు అడ్మిన్ హక్కు ఇవ్వవద్దు.

ఇక స్థాపన. టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్క్విడ్’ అంటే ప్యాకేజీ వచ్చేస్తుంది. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్న ఆదేశాలన్నీ మీరు చిన్న ఆంగ్ల అక్షరాల్లో టైపు చేయాలి, కింద టైమ్ వరుసలో వచ్చే వారాల అక్షరాలు (ఎంటీడబ్ల్యూహెచ్ఎఫ్ఏ) మాత్రం పెద్దవి. ప్రధాన ఫైలు ‘ఈటీసీ’ ఫోల్డరులోని ‘స్క్విడ్’ ఫోల్డరులో ఉంటుంది. అందులో ‘హెచ్‌టీటీపీ_పోర్ట్ 3128’ అన్న వరుసను ‘హెచ్‌టీటీపీ_పోర్ట్ 192.168.50.1:3128’ గా మార్చండి. ఇక ప్రాక్సీ ల్యాబ్ వైపు మాత్రమే పలుకుతుంది. ఎవరు పడితే వారు వాడుకునేలా బయటికి తెరిచి ఉన్న ప్రాక్సీ ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

పక్కనే ఉన్న ‘కాన్ఫ్.డి’ ఫోల్డరులో ‘ల్యాబ్.కాన్ఫ్’ అనే కొత్త ఫైలు తెరిచి ఈ నియమాలు రాయండి:

ఏసీఎల్ ల్యాబ్ ఎస్ఆర్‌సీ 192.168.50.0/24
ఏసీఎల్ టీచర్ ఎస్ఆర్‌సీ 192.168.50.11
ఏసీఎల్ మంచివి డీఎస్‌టీడొమైన్ "/ఈటీసీ/స్క్విడ్/మంచివి.టీఎక్స్‌టీ"
ఏసీఎల్ బడివేళ టైమ్ ఎంటీడబ్ల్యూహెచ్ఎఫ్ఏ 09:00-16:30
హెచ్‌టీటీపీ_యాక్సెస్ అలౌ టీచర్
హెచ్‌టీటీపీ_యాక్సెస్ అలౌ ల్యాబ్ మంచివి బడివేళ
హెచ్‌టీటీపీ_యాక్సెస్ డినై ఆల్

ఏసీఎల్ వరుసలు కంప్యూటర్లకు, సైట్లకు, వేళలకు పేర్లు పెడతాయి. హెచ్‌టీటీపీ_యాక్సెస్ వరుసలు ఆ పేర్లను బట్టి అనుమతిస్తాయి (అలౌ) లేదా నిరాకరిస్తాయి (డినై). స్క్విడ్ ఈ యాక్సెస్ వరుసలను పైనుంచి కిందికి చదువుతుంది. ఏది ముందు సరిపోతే అక్కడే తీర్పు, ఆ తరువాతవి చూడదు. ఒకే వరుసలో పక్కపక్కన రాసిన షరతులన్నీ ఒకేసారి నిజం కావాలి. వారాల అక్షరాల్లో గురువారానికి హెచ్, శనివారానికి ఏ. ఎస్ అంటే ఆదివారం, శనివారం అనుకుని రాసేవారు చాలామంది.

‘మంచివి’ ఫైలులో వరుసకు ఒక సైటు పేరు రాయాలి, ముందు చుక్క పెట్టి. చుక్క ఉంటే ఆ పేరు కింద ఉన్న ఉపసైట్లన్నీ తెరుచుకుంటాయి. ఇక్కడ ఓపిక కావాలి. వికీపీడియాను చేర్చి ఊరుకుంటే అక్షరాలు వస్తాయి, బొమ్మలు రావు, ఎందుకంటే అవి వికీమీడియా పేరుతో ఉన్న వేరే సర్వర్ నుంచి వస్తాయి. కాబట్టి దాన్నీ చేర్చాలి. ఏ సైటు సగం సగం కనిపించినా యాక్సెస్ లాగ్ (ఏ కంప్యూటర్ ఏ సైటు అడిగిందో స్క్విడ్ రాసుకునే ఫైలు) తెరిచి ‘టీసీపీ_డినైడ్’ అన్న వరుసలు చూడండి, ఏ పేరు దగ్గర ఆగిందో అక్కడే ఉంటుంది.

మార్చిన ప్రతిసారీ ముందు ‘సుడో స్క్విడ్ -కే పార్స్’ తో తప్పులు చూసుకుని, తరువాత ‘సుడో స్క్విడ్ -కే రీకాన్ఫిగర్’ ఇవ్వండి. పిల్లల ఫైర్‌ఫాక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కు వెళ్లి 192.168.50.1, పోర్టు 3128 ఇచ్చి, దాన్నే హెచ్‌టీటీపీఎస్‌కూ (గుప్తీకరించిన సైట్లకు) వాడమని టిక్కు పెట్టాలి.

ఇప్పుడు యూట్యూబ్ సంగతి, అందరూ నన్ను అడిగేది ఇదే. ఒక పాఠం వీడియో తెరిచి మిగతావి మూయగలమా? ఈ ప్రాక్సీతో కుదరదు. హెచ్‌టీటీపీఎస్‌లో బ్రౌజర్ ప్రాక్సీకి సైటు పేరు, పోర్టు మాత్రమే చెప్పి సొరంగం తెరవమంటుంది, లోపల ఏ పేజీ నడుస్తోందో ప్రాక్సీకి కనబడదు. దాన్ని విప్పి చదివే పద్ధతి ఉంది. ప్రతి కంప్యూటర్‌లో మన సొంత సర్టిఫికెట్ పెడితే స్క్విడ్ మధ్యలో కూర్చుని అన్నీ చదవగలదు. అది చేయవద్దని గట్టిగా చెబుతాను. ఆ రోజు నుంచి పిల్లల పాస్‌వర్డులు, ఉత్తరాలు అన్నీ మన యంత్రంలో విప్పబడతాయి. బడికి ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు, మనకు ఆ అవసరమూ లేదు. వీడియో కావాలంటే టీచర్ కంప్యూటర్‌లో తెరిచి ప్రొజెక్టర్ మీద చూపండి. దానికోసమే ఆ యంత్రానికి ముందే అనుమతి ఇచ్చాం. గూగుల్ వెతుకులాట తప్పనిసరి అయితే ప్రాక్సీ యంత్రపు హోస్ట్స్ ఫైలులో (ఏ సైటు పేరుకు ఏ చిరునామానో రాసే ఫైలు) 216.239.38.120 రాసి, దాని పక్కన గూగుల్ పూర్తి పేరు (ముందున్న డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో సహా) రాసి, స్క్విడ్‌ను మళ్లీ మొదలుపెట్టండి. సేఫ్‌సెర్చ్ (అభ్యంతరకర ఫలితాలను దాచే పద్ధతి) అమలవుతుంది. భారతదేశపు గూగుల్ చిరునామాకూ అదే వరుస ఇంకొకటి రాయాలి.

మూసిన హెచ్‌టీటీపీఎస్ సైటు తెరవబోతే స్క్విడ్ సందేశం కనబడదు, ప్రాక్సీ కనెక్షన్‌ను నిరాకరిస్తోందని ఫైర్‌ఫాక్స్ చెబుతుంది. నెట్ పోయిందని పిల్లలు అనుకుంటారు. కాబట్టి మొదటిరోజే ఏవి తెరుచుకుంటాయో, ఎందుకు మిగతావి తెరుచుకోవో, లాగ్‌లో ఏమి నమోదవుతుందో విడమరిచి చెప్పండి. జాబితాను గోడకు అంటించండి. దాని కింద ఖాళీ వదిలి, కావలసిన సైటు పేరు, ఎందుకు కావాలో వాళ్లనే రాయమనండి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా పొద్దున్నే పిల్లల కంప్యూటర్లలో ఒక్క సైటూ తెరుచుకోకపోతే గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చాక తేదీ, సమయం తప్పిపోతాయి. బడివేళ నియమం ఆ తప్పు సమయాన్నే నమ్మి పిల్లలందరినీ ఆపేస్తుంది. సీఆర్2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.