బంగారు గని షేరు చదవడం – 4వ పాఠం: ఉత్పత్తి అంచనాను విప్పి చూడటం

ముందుగా పోయిన పాఠంలో '750 కిలోల బంగారం ఎన్ని ఔన్సులు?' అని అడిగిన లెక్కకు జవాబు: 24,113 ఔన్సులు. మీకు 26,455 వచ్చిందంటే మామూలు ఔన్సు (28.35 గ్రాములు) తో భాగించారన్నమాట. బంగారానికి వాడేది ట్రాయ్ ఔన్సు, 31.1035 గ్రాములు. కర్నూలు జిల్లా జొన్నగిరి, రాయచూరు జిల్లా హట్టి లాంటి మన గనుల లెక్కలు కిలోల్లో వస్తాయి, టొరంటోలోనో సిడ్నీలోనో లిస్టయిన కంపెనీలవి ఔన్సుల్లో. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఈ మార్పిడి చేతికి అలవాటు కావాల్సిందే.

ఇక ఈ వారం గైడెన్స్. అంటే ఏడాది మొదట్లో కంపెనీ 'ఈసారి ఇన్ని ఔన్సులు తీస్తాం' అని ఇచ్చే మాట. చాలామంది నిరుటి కంటే ఎక్కువా తక్కువా అని చూసి వదిలేస్తారు. ఆ అంకె మూడింటి గుణకారం: మిల్లులో ఆడించే ఖనిజం టన్నులు, టన్నులో ఉన్న బంగారం (గ్రేడ్), అందులో చేతికి చిక్కే శాతం (రికవరీ). ఈ మూడూ విడివిడిగా ఎక్కడా చెప్పని కంపెనీని నేనైతే పక్కన పెడతాను.

ఒక ఊహాత్మక గని తీసుకుందాం. మిల్లు ఏటా 30 లక్షల టన్నులు ఆడిస్తుంది, గ్రేడ్ 1.8 గ్రాములు, రికవరీ 91 శాతం.

30,00,000 × 1.8 × 0.91 ÷ 31.1035 = సుమారు 1,58,000 ఔన్సులు.

గ్రేడ్ 1.6కు జారితే 1,40,400. పోయింది పదకొండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ రాయి పగలగొట్టడానికి కరెంటు, డీజిలు, బంగారాన్ని కరిగించి తీసే సైనైడు, జీతాలు అంతే అవుతాయి. రాయిలో బంగారం తగ్గిందని ఖర్చు తగ్గదు. మొత్తం ఖర్చు 20 కోట్ల డాలర్లు అనుకుంటే ఔన్సుకు 1,266 డాలర్లు పడేది 1,424 అవుతుంది. గైడెన్స్ తప్పిన రోజున షేరు అంతలా పడేది అందుకే: ఔన్సులు తగ్గడం, ఔన్సు ఖర్చు పెరగడం ఒకేసారి జరుగుతాయి.

ఇప్పుడు అసలు పని. ఇదే గని 1,50,000–1,65,000 ఔన్సులని గైడెన్స్ ఇచ్చి, మొదటి ఆరు నెలల్లో 66,000 తీసిందనుకోండి. 'రెండో అర్ధభాగంలో పుంజుకుంటాం, గైడెన్స్‌లో మార్పు లేదు' అంటుంది యాజమాన్యం. నమ్మాలా వద్దా అన్నది వెనక్కి లెక్క కడితే తేలుతుంది. కింది అంచుకు చేరాలన్నా ఇంకా 84,000 కావాలి. ఆరు నెలల్లో ఆడేది 15 లక్షల టన్నులు. 84,000 × 31.1035 ÷ (15,00,000 × 0.91) = 1.91 గ్రాములు. మొదటి ఆరు నెలల్లో వచ్చిన గ్రేడ్ ఇదే పద్ధతిలో కడితే 1.50. ఒక్కసారిగా 1.91 ఎక్కడినుంచి వస్తుంది? కంపెనీ ఇచ్చే నిల్వల పట్టిక (గనిలో ఇంకా ఎంత ఖనిజం, ఏ గ్రేడ్‌తో ఉందో చూపేది) తెరవండి. గని మొత్తం సగటు 1.7 అని ఉంటే, సగటును మించిన రాయి ఈ ఆరు నెలల్లోనే దొరకాలి. అది అసాధ్యమేం కాదు. ఓపెన్ పిట్‌లో, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే పెద్ద గొయ్యిలో, మొదటి సగమంతా పైనున్న వ్యర్థశిల తొలగించి, ఇప్పుడు మంచి భాగానికి చేరి ఉండొచ్చు. అలాగైతే స్ట్రిప్ రేషియో, అంటే టన్ను ఖనిజానికి తీసిన వ్యర్థశిల, మొదటి సగంలో ఎక్కువగా ఉండి ఇప్పుడు దిగుతుండాలి. అది దిగకుండా మాట మాత్రమే వినిపిస్తుంటే మూడో త్రైమాసికం ఫలితాల్లో గైడెన్స్ కోత కోసం ఎదురుచూడొచ్చు.

గ్రేడ్ తగ్గడానికి కారణం ఎప్పుడూ 'బంగారం లేకపోవడం' కాదు. రాతిలో బంగారం ఉన్న సన్నని సిరను తవ్వేటప్పుడు పక్కనున్న వట్టి రాయి కూడా కలిసి మిల్లుకు వెళుతుంది. దీన్నే డైల్యూషన్ అంటారు. వానలకు పిట్ నీళ్లతో నిండితే పక్కన పోగేసిన తక్కువ గ్రేడ్ ఖనిజాన్ని ఆడిస్తారు: టన్నులు నిండుగా కనిపిస్తాయి, ఔన్సులు రావు. రికవరీ సంగతి వేరు. పైపొరల్లోని ఆక్సైడు ఖనిజం సైనైడుకు సులువుగా లొంగుతుంది. లోతుకు పోయేకొద్దీ పైరైటు అనే ఖనిజంలో చిక్కుకున్న బంగారం మొండికేస్తుంది, రాయి కూడా గట్టిపడి మిల్లు నెమ్మదిస్తుంది. ఆక్సైడు అయిపోతున్న గని పాత రికవరీ శాతంతోనే గైడెన్స్ ఇస్తే తప్పకుండా ప్రశ్నించాలి.

అయితే గ్రేడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. కెనడాలోని డిటూర్ లేక్ టన్నుకు గ్రాము లోపు రాయితోనే పెద్ద గనిగా నడుస్తోంది, ఎందుకంటే అది నేలమీద తవ్వే ఓపెన్ పిట్. మన కోలార్ దగ్గర మూడు కిలోమీటర్ల లోతుకు దిగాక అంతకన్నా మంచి రాయి కూడా గిట్టుబాటు కాక 2001లో మూసేశారు.

ఖర్చు వైపు కనిపించే అంకె ఏఐఎస్‌సీ (ఆల్-ఇన్ సస్టెయినింగ్ కాస్ట్), అంటే ఔన్సుకు పడే మొత్తం నిర్వహణ ఖర్చు. వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ 2013లో తెచ్చిన కొలత ఇది. గనిని నడిపిస్తూ ఉంచే పెట్టుబడి ఇందులో ఉంటుంది. ఆదాయపు పన్ను, వడ్డీ, కొత్త గని కట్టే ఖర్చు ఉండవు. రాగి, వెండి అమ్మిన డబ్బును ఇందులోంచి తీసేస్తారు కాబట్టి రాగి ధర పడితే బంగారం 'ఖర్చు' పెరిగినట్టు కనిపిస్తుంది.

చివరిగా, అంకె ఎవరి వాటాదో చూడండి. అమెరికాలోని ఉమ్మడి సంస్థ నెవాడా గోల్డ్ మైన్స్‌లో బంగారు గని కంపెనీలు బారిక్ వాటా 61.5 శాతం, న్యూమాంట్‌ది 38.5. ఒక్కో కంపెనీ తన అంకెలో తన వాటానే లెక్కపెడుతుంది. బారిక్ 2024కు 39–43 లక్షల ఔన్సులని చెప్పి 39.1 లక్షలు తీసింది. 2025కు 31.5–35 లక్షలే అంది. శీర్షిక చూసినవారికి గనులు ఎండిపోతున్నట్టు అనిపిస్తుంది. కానీ ప్రభుత్వంతో వివాదం వల్ల 2025 జనవరిలో ఆగిన మాలి దేశపు లూలో-గూన్‌కోటో గనిని ఆ అంచనాలో కలపలేదు. 2024లో ఆ గని ఉత్పత్తి 7.23 లక్షలు, బారిక్ 80 శాతం వాటా 5.78 లక్షలు. 39.1 లోంచి అది తీసేస్తే 33.3. కొత్త రేంజికి సరిగ్గా మధ్యలో! మిగతా గనుల ఉత్పత్తి దాదాపు ఉన్నచోటే ఉందన్నమాట.

వచ్చే పాఠానికి లెక్క: గైడెన్స్ 2,00,000–2,20,000 ఔన్సులు. తొమ్మిది నెలల్లో వచ్చింది 1,38,000. మిల్లు త్రైమాసికానికి 10 లక్షల టన్నులు, రికవరీ 88 శాతం, నిల్వల సగటు గ్రేడ్ 1.9. చివరి మూడు నెలల్లో ఎంత గ్రేడ్ రావాలో కట్టి, యాజమాన్యాన్ని అడగాల్సిన ఒక ప్రశ్న రాసి పెట్టుకోండి.