కొత్త టీచరు తొలి ఏడాది – 3వ పాఠం: ఒకే గది, మూడు తరగతులు

గత రెండు పాఠాలలో బడి తెరిచే ముందు చేసుకోవలసిన పనులను, తొలి వారంలో పిల్లల స్థాయిని తెలుసుకునే పద్ధతిని చూశాము. ఈ పాఠం ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా, కొత్తగా చేరినవారికి అన్నిటికన్నా కష్టమనిపించే విషయం గురించి. శిక్షణ కాలంలో మనం రాసిన పాఠ్యపథకాలు చాలావరకు ఒక గదిలో ఒకే తరగతి ఉంటుందనుకొని రాసినవి. తీరా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో అడుగు పెడితే మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో మన కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

ముందుగా కాలం లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు 4 గంటలు, 240 నిమిషాలు. పిల్లలు 60 మంది వరకు ఉన్న బడికి ఆ చట్టం ఇద్దరు టీచర్లను నిర్దేశించింది. వారిలో ఒకరు 1, 2 తరగతులు చూసుకుంటే రెండోవారికి మూడు తరగతులు మిగులుతాయి. సమయాన్ని సమానంగా పంచినా ఒక్కో తరగతికి మీరు నేరుగా చెప్పగలిగేది 80 నిమిషాలే. మిగతా 160 నిమిషాలు ఆ పిల్లలు ఏం చేస్తున్నారు? కొత్త టీచరు చేసుకునే ఏర్పాట్లలో సగానికి పైగా ఈ 160 నిమిషాల కోసమే ఉండాలని నా గట్టి నమ్మకం. బీరువా సర్దడం, రిజిస్టర్లకు అట్టలు వేయడం ఆ తరువాతి పనులు.

నా తొలి ఏడాదిలో ఆ సమయాన్ని చూచిరాతతో నింపాను. గది నిశ్శబ్దంగా ఉండేది కాబట్టి అంతా సవ్యంగా సాగుతోందనుకున్నాను. ఒకరోజు నాలుగో తరగతి అమ్మాయి పాఠం మొత్తం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తెచ్చింది. మెచ్చుకొని, మొదటి వాక్యం చదవమన్నాను. మాట కింద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. ‘వాన’, ‘చెరువు’ వంటి మాటలు చదివింది కానీ ‘వర్షం’ దగ్గర, ‘పుస్తకం’ దగ్గర ఆగిపోయింది. ఒత్తులు ఆ పాపకు గీసే గుర్తులుగానే తెలుసు, పలికే అక్షరాలుగా తెలియవు. అన్ని వారాలు ఆ పాప నా కళ్ళ ముందే కూర్చుని ఉన్నా నేను గమనించలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. టీచరు పక్కన లేనప్పుడు పిల్లలు చేసే పని, అంతకుముందు రోజు టీచరు చెప్పినదానికి అభ్యాసంగా ఉండాలి. కేవలం చేతిని కదిలించే పని చాలదు.

దీనికి మొదటి మెట్టు, మూడు తరగతులకూ ఒకే పీరియడ్‌లో ఒకే సబ్జెక్టు పెట్టుకోవడం. మూడో తరగతికి తెలుగు, నాలుగుకు గణితం, ఐదుకు పరిసరాల విజ్ఞానం అని వేసుకుంటే పది నిమిషాలకోసారి మన మనసు ఒక సబ్జెక్టు నుంచి మరొకదానికి మారవలసి వస్తుంది. గణితమంతా ఒకేసారి ఉంటే, ఐదో తరగతి పిల్లవాడు తడబడినప్పుడు మూడో తరగతికి చెబుతున్న మాట అతని చెవినా పడుతుంది.

40 నిమిషాల గణితం పీరియడ్‌ను దగ్గరగా చూద్దాం. ఉదయం ప్రార్థనకు ముందే నల్లబల్లను నిలువు గీతలతో మూడు భాగాలు చేసి, పైన తరగతి అంకె వేయండి. నాలుగో తరగతి భాగంలో నిన్న నేర్పిన గుణకారం మీద 24 × 6 వంటి లెక్కలు ఐదు, ఐదో తరగతి భాగంలో 96 ÷ 4 వంటి భాగహారాలు ఐదు రాసి ఉంచండి. పిల్లలు కూర్చోగానే ఆ రెండు తరగతులు పని మొదలుపెడతాయి. మీరు మూడో తరగతితో నేల మీద కూర్చుని, పుల్లల కట్టలతో 52 నుంచి 27 తీసివేయడం చేయించండి. రెండు పుల్లల నుంచి ఏడు పుల్లలు తీయలేమని పిల్లలే చెప్పాలి, పదుల కట్ట ఒకటి విప్పాలన్నదీ వారికే తట్టాలి. ఆ కట్ట రబ్బరుబ్యాండు విప్పే పని తప్పకుండా ఒక పిల్లవాడి చేత చేయించండి. పన్నెండు నిమిషాల తరువాత వారికి అలాంటి లెక్కలు నాలుగు ఇచ్చి నాలుగో తరగతికి, మరో పన్నెండు నిమిషాలకు ఐదో తరగతికి వెళ్ళండి. చివరి నాలుగు నిమిషాలు మూడు వరుసల మధ్య తిరుగుతూ నోటుపుస్తకాలు చూడండి.

ఈ ఏర్పాటును చెడగొట్టేవి చిన్న విషయాలు. పెన్సిల్ ముక్కు విరిగిందని ఒకరు, లెక్క అయిపోయిందని మరొకరు వచ్చి చొక్కా లాగుతారు. అందుకే చెక్కిన పెన్సిళ్ళు, సుద్దముక్కలు ఒక డబ్బాలో పిల్లలకు అందే ఎత్తులో ఉంచండి. సందేహం వస్తే ముందు పక్కవారిని అడగాలి. అప్పటికీ తీరకపోతే తన పేరు నల్లబల్ల మూలన రాసి తరువాతి లెక్కకు వెళ్ళాలి. పని ముందే ముగించినవారికి కథల పుస్తకాల పెట్టె తెరిచి ఉండాలి. ఈ మూడు అలవాట్లు కుదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో సిలబస్ కొంత వెనకబడినా కంగారుపడకండి.

నోటుపుస్తకాలు దిద్దడం రోజుకు ఒక తరగతికి పరిమితం చేయండి. మూడు తరగతుల కట్టలనూ ఇంటికి మోసుకెళ్తే ఏదీ సరిగా చూడలేరు. దిద్దేటప్పుడు ఒకే తప్పు ముగ్గురు నలుగురు చేశారా అని చూసి ఆ పేర్లు డైరీలో రాసుకోండి, మరుసటి రోజు ఆ తరగతితో గడిపే మొదటి ఐదు నిమిషాలు వారివే.

రిజిస్టర్ల విషయంలో ఒక్క చిత్తుపుస్తకం చాలు. హాజరు తీయగానే హాజరైనవారి సంఖ్య అందులో రాసి, మధ్యాహ్న భోజనం వండేవారికి చెప్పండి. ప్రాథమిక స్థాయిలో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం కాబట్టి 34 మంది వస్తే 3.4 కిలోలు. సాయంత్రం ఆ పుస్తకం చూసి మిగతా రిజిస్టర్లు నింపవచ్చు. దేశంలోని బడుల వివరాలను ఏటా సేకరించే యూడైస్‌కు పిల్లల వివరాలు ఇవ్వాలి కనుక పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫోను నంబరు వంటివి జూన్‌లోనే ఒక పట్టికగా రాసి పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: గణితం పీరియడ్ ఒక్కదాన్ని మాత్రమే ఈ పద్ధతిలో ఐదు రోజులు నడపండి. రోజూ మీరు ఒక తరగతితో ఉన్నప్పుడు మిగతా రెండు తరగతుల నుంచి ఎన్నిసార్లు పిలుపు వచ్చిందో, ఎందుకు వచ్చిందో డైరీలో రాయండి. వచ్చే పాఠంలో ఆ జాబితాను ముందు పెట్టుకొని తెలుగు పీరియడ్‌ను, ముఖ్యంగా ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లల కోసం, కలిసి రూపొందిద్దాం.